వెంకాయి పట్టుకున్న పడుగు కొస

అనగనగా ఏటి ఒడ్డున ఒక సాలెల ఊరు. ఊరంతా కలిపి ఒకటే వీధి. ఈ చివర పేరిందేవి ఇల్లు, ఆ చివర వెంకాయి ఇల్లు. చిన్నప్పుడు ఇద్దరూ ప్రాణస్నేహితులు, ఒక్క మంచం మీదే పడుకునేవాళ్ళు, మీలాగే, కాళ్ళతో తన్నుకుంటూ.

అలాంటిది పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకంటారా? పేరిందేవి కూతురి పెళ్ళికి ఊరందరినీ బొట్టు పెట్టి పిలిచింది, వెంకాయిని తప్ప. వెంకాయి పాపం కొత్త చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని గడపలో కూచుంది. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంది. బాజాలు మోగాయి, తాళి కట్టారు, విస్తళ్ళు ఎత్తారు. తల్లో పూలు వాడిపోయాయి. బొట్టు రాలేదు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

అప్పట్నుంచీ ఇది అటు వెళ్ళదు, అది ఇటు రాదు. కానీ సాయంత్రమైతే చాలు, వెంకాయి అరుగు మీద కూచుని చెవి అటే పెట్టేది. అన్ని మగ్గాల చప్పుడులోనూ పేరిందేవి మగ్గం ఏదో దానికి తెలిసిపోయేది. మెల్లగా ఆడితే, దీనికివాళ తలనొప్పి కాబోలు అనుకునేది. లేచి శొంఠి అరగదీసేది. తీరా ఎవరికివ్వను అని తన నుదుటికే రాసుకునేది.

ఒకరోజు పేరిందేవి పడుగు పరిచింది. పడుగంటే చీరకి నిలువు దారాలు. వీధి పొడుగునా లాగి కట్టి గంజి పెడతారు. ఎవరి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యి వేస్తారు. వెంకాయి మాత్రం రాలేదు. ఆ పడుగు రాణిగారు చెప్పి నేయిస్తున్న చీరది. గంజి ఆరుతుండగా ఏనుగుల గుంపులా మబ్బు పట్టింది. పెరట్లో ఆరేసిన నూలు గుర్తొచ్చి ఎవరింటికి వాళ్ళు పరుగో పరుగు. పేరిందేవీ, కోడలు సుబ్బులూ మిగిలారు.

తడిస్తే నెల కష్టం గంగపాలు! ఒకరు చుడుతుంటే, రెండోవాళ్ళు అవతలి కొస బిగువు తగ్గకుండా పట్టుకుని ఒక్కో అడుగూ నడిచి రావాలి. ఆ కొస సరిగ్గా వెంకాయి గుమ్మం ముందుంది. అది పట్టుకున్న సుబ్బులు తెలివైన పిల్ల. "అయ్యో అత్తా, పిల్లాడు ఏడుస్తున్నాడు!" అని కొస అక్కడి గుంజకి తగిలించి తుర్రుమంది. పిల్లాడా? ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

పిలవందే నేనెందుకు వెళ్తాను అనుకుంది వెంకాయి. ఒక చినుకు పడింది. ఇంకో చినుకు పడింది. ఇక దాని మనసు ఆగలేదమ్మా. వెళ్ళి కొస పట్టుకుంది.

అక్కడ పేరిందేవి ఒక చుట్టు చుట్టింది, ఇక్కడ వెంకాయి ఒక అడుగు వేసింది. చుట్టు, అడుగు. నెరిసిన జుట్టు కనిపించింది. చుట్టు, అడుగు. కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. చుట్టు, అడుగు. దారం అయిపోయింది. ఇద్దరూ ఎదురెదురు.

"పెళ్ళికెందుకు రాలేదే?" అంది పేరిందేవి.

"బొట్టు పెట్టి పిలిచావా?"

"నీకు బొట్టేమిటే మొద్దూ! ఇంటిమనిషిని ఎవరైనా బొట్టు పెట్టి పిలుస్తారా? తాళి కట్టేటప్పుడు కూడా గుమ్మం వంకే చూశాను."

పన్నెండేళ్ళు తల్లీ, పన్నెండేళ్ళు! వాన దంచికొట్టింది. సుబ్బులు పడుగు లోపలికి లాక్కుపోయింది. వాళ్ళిద్దరూ మాత్రం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వీధిలోనే తడిసి ముద్దయ్యారు. తర్వాత ఆ చీర కట్టుకున్న రాణిగారు మురిసి వీధంతటికీ విందు చేసింది. వాళ్ళిద్దరూ ఒకే విస్తట్లో తిన్నారట.

మీరూ అంతే. అలిగితే అలగండి, తెల్లారగానే వెళ్ళి ఎందుకని అడిగెయ్యండి. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లో దూరండి.