పదమూడు అంగుళాల న్యాయం

కాజావలి మేస్త్రిగారి షెడ్డులో ఒక నియమం ఉండేది. పరీక్షలో ఎవరి బండి బోల్తా పడినా, ఎందుకు పడిందో దాన్ని కట్టినవాడు చెప్పేదాకా ఎవరూ చేత్తో లేపకూడదు. బండి అంటే పెద్ద బండి కాదు. అసలు లారీలో పదో వంతు ఉంటుంది. రిమోటుతో నడుస్తుంది, రాళ్ళూ గుంటలూ ఎక్కి దిగడానికే దాన్ని కడతారు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు పెద్ద లారీలకు బాడీలు కట్టిన మేస్త్రిగారు, నడుం పట్టేశాక ఈ చిన్న బండ్లలోకి దిగారు. మేం ఆరుగురం వారమంతా ఎవరి పనులు వాళ్ళం చేసుకుని, ఆదివారం మాత్రం ఆయన దగ్గర శిష్యులమయ్యేవాళ్ళం. తలకిందులైన బండి చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతూ ఉంటే, దాన్ని కట్టినవాడు పక్కన నిలబడి ఆలోచించుకోవాలి. బ్యాటరీ ఎత్తులో పెట్టాననో, స్ప్రింగులు మరీ బిగించాననో చెప్పాలి. రాయి బాగాలేదని చెబితే మాత్రం ఆయన ఒప్పుకునేవారు కారు.

నా పేరు నాంచారయ్య. లారీల మీద బొమ్మలూ అక్షరాలూ వేసే పెయింటర్ని. ఇరవై రెండేళ్ళపాటు లారీ ఓనర్ల పేర్లు రాశాను, వాళ్ళ పిల్లల పేర్లు రాశాను, బాడీ కట్టిన కంపెనీల పేర్లు రాశాను. నా పేరు మాత్రం ఏ లారీ మీదా, ఓ మూల చిన్న అక్షరాలతోనైనా, రాసుకోనివ్వలేదు. అడిగితే నవ్వేవారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే మేస్త్రిగారి షెడ్డులోని ఇంకో ఆనవాయితీ నన్ను పట్టి లాగింది. చెయ్యి తగలకుండా పరీక్ష దారి దాటిన బండికి క్యాబిన్ వెనక చిన్న ఇత్తడి పలక బిగిస్తారు. దాని మీద కట్టినవాడి పేరు ఉంటుంది. ఆ పలక పడిందంటే శిష్యరికం ముగిసినట్టు. షెడ్డులో సొంత బల్ల కూడా వస్తుంది.

పదకొండు నెలలు కష్టపడి నా లారీ కట్టుకున్నాను. పాత బీరువా రేకు కోసి క్యాబిన్ చేశాను. టేకు ముక్కలు చెక్కి వెనక తొట్టి బిగించాను. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం పదమూడు అంగుళాలు. తలుపు మీద గోరంత కమలం, వెనక చెక్క మీద హారన్ కొట్టమనే అక్షరాలు, అన్నీ పెద్ద లారీకి ఉన్నట్టే వేశాను. పరీక్ష ఇంకా కాకుండానే పలక కూడా రాసిపెట్టుకుని పనిముట్ల డబ్బాలో దాచుకున్నాను. తొందరపాటే. కానీ ఇరవై రెండేళ్ళు ఆగినవాడి తొందరపాటు.

పరీక్ష దారిని శిష్యుల్లో ఒకరు, వంతులవారీగా, షెడ్డు వెనక ఇసుకలో రాళ్ళు పేర్చి వేసేవారు. నా పరీక్ష వచ్చిన ఆదివారం ఆ వంతు ప్రభుదాసుది. లేత్ మిషను మీద పనిచేస్తాడు, నాకంటే ఐదారేళ్ళు చిన్న. వాడు కట్టింది పొట్టి జీపు, ఇరుసుల మధ్య పది అంగుళాలు. ఆ రోజు వాడికీ పరీక్షే. వాడి జీపు ఆ రాళ్ళ మీద మెట్లెక్కినంత సులువుగా ఎక్కి దిగి పోయింది. మేస్త్రిగారు పలక బిగించారు. తర్వాత నా లారీ బయల్దేరింది. మూడో రాయి దగ్గర దాని పొట్ట రాయికి ఆనుకుంది. నాలుగు చక్రాలూ ఊరికే తిరిగాయి. రిమోటు ఎంత నొక్కినా లాభం లేకపోయింది. చివరికి పక్కకు జారి ఇసుకలో బోల్తా పడింది.

“ఎందుకు పడింది నాంచారయ్యా?” అన్నారు మేస్త్రిగారు.

“రాళ్ళ వల్ల పడింది.”

“బండి సంగతి చెప్పు.”

“బండిలో ఏ లోపమూ లేదు మేస్త్రిగారూ. ఆ రాళ్ళు వీడి జీపుకు కొలిచి కుట్టించిన చొక్కాలా ఉన్నాయి. అందులో నా లారీ ఎలా ఇముడుతుంది?”

ప్రభుదాసు ముఖం పాలిపోయింది. “నేను కావాలని పెట్టలేదు నాంచారయ్యన్నా” అన్నాడు.

“ఈ మాట చెవుల్లో పువ్వులు పెట్టుకున్నవాళ్ళకు చెప్పు” అని అరిచాను. అక్కడితో ఆగలేదు. దొంగ అన్నాను. తోటివాడి నోటి దగ్గర కూడు లాక్కునే రకం అన్నాను. మిగతా నలుగురూ చూస్తుండగానే అన్నాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తల వంచుకోవడం కూడా నాకు నటనగానే కనిపించింది. తర్వాత మేస్త్రిగారి వైపు తిరిగి అడిగాను.

“దారి వేసినవాడే ఆ దారిలో గెలిస్తే దాన్ని పరీక్ష అంటారా? అన్యాయం కళ్ళెదుట జరుగుతుంటే కోపం రావడం తప్పా?”

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. “కోపం తప్పని నేను అనలేదే. వచ్చే ఆదివారం దారి నువ్వు వెయ్యి. ఇద్దరూ మళ్ళీ నడపండి” అన్నారు.

నా లారీ ఇంకా ఇసుకలోనే పడి ఉంది. కారణం చెప్పకుండానే దాన్ని లేపి చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఆ షెడ్డులో ఆ నియమం తప్పిన మొదటివాణ్ణి నేనే. మేస్త్రిగారు చూస్తూనే ఉన్నారు.

ఆ వారమంతా ఉడికిపోయాను. ఓ లారీ వెనక లక్ష్మీదేవిని వేస్తూ, ఆవిడ కనుబొమలు ముడిచి వేశానని ఓనరు గోల పెట్టాడు. నా కోపం ప్రభుదాసు ఒక్కడి మీదే కాదు. నియమాలు పెట్టేవాళ్ళ మీద, తీర్పులు చెప్పేవాళ్ళ మీద, ఆటా తమదే కొలతా తమదే అయినవాళ్ళందరి మీదా వచ్చింది. నా పేరు రాసుకోనివ్వని ఓనర్లందరూ ప్రభుదాసు వెనక వరస కట్టి నిలబడ్డట్టు అనిపించింది. న్యాయం అంటే ఎలా ఉంటుందో వీళ్ళకు చూపిస్తాననుకున్నాను.

చూపించడానికి శనివారం పని మానేసి పొద్దున్నే షెడ్డు వెనక్కు వెళ్ళాను. నా మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని టేపు కూడా పట్టుకెళ్ళలేదు. పద్నాలుగు రాళ్ళు కంటిచూపుతోనే పేర్చాను. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. కదిలే రాయి ఉండకూడదు. కదిలే రాయి మీద బండి పడితే అది బండి తప్పు కాదు కదా. రాయి కదులుతుందో లేదో తెలియాలంటే ఏదో ఒక బండి దాని మీద ఎక్కాలి. నా చేతిలో ఉన్నది నా లారీ. దాన్ని ఒక్కో రాయి మీదికీ ఎక్కించి చూశాను. ఎక్కడైనా అది తడబడితే రాయి సరిగా కూర్చోలేదని ఇటో అటో జరిపి, మళ్ళీ ఎక్కించాను. తడబాటు పోయేదాకా అలాగే చేశాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దారి పూర్తయింది. నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసుకున్నాను. ఇంత ధర్మంగా రాళ్ళు పేర్చినవాడు ఈ షెడ్డులో ఇంతవరకూ లేడని నిజంగానే అనుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

ఆదివారం నా లారీ ముందు నడిచింది. ఒక్క రాయి దగ్గర ఆగలేదు. ఒక్క చక్రం జారలేదు. ఆఖరి రాయి దిగి ఇసుకలో నిలబడేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డబ్బాలోంచి పలకా స్క్రూడ్రైవరూ తీసుకున్నాను.

“వాడి బండి కూడా రానీ” అన్నారు మేస్త్రిగారు.

ప్రభుదాసు జీపు రెండో రాయి ఎక్కబోయింది. ముందు చక్రాలు రాయి మీద ఉన్నాయి, వెనక చక్రాలు రెండు రాళ్ళ మధ్య గుంటలో ఉన్నాయి. జీపు ముక్కు ఆకాశం వైపు లేచింది. వాడు రిమోటు వదిలి మళ్ళీ నొక్కాడు. అంతే, జీపు వెనక్కు పల్టీ కొట్టింది. క్యాబిన్ వెనకున్న ఇత్తడి పలక రాయికి తగిలి టంగుమంది. ఆ చప్పుడు నాకు తియ్యగా వినిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వినిపించింది.

ప్రభుదాసు జీపు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. “బరువు వెనక ఎక్కువైందేమో మేస్త్రిగారూ…” అని మొదలుపెట్టాడు.

మేస్త్రిగారు చెయ్యి ఎత్తారు. “నువ్వు కాదు. ఈ బండి ఎందుకు పడిందో నాంచారయ్య చెబుతాడు.”

“వాడి బండికి నేనెందుకు చెప్పాలి?” అన్నాను.

“పోయిన వారం నీ బండికి చెప్పకుండా లేపుకుపోయావు. ఆ బాకీ ఉంది. రెండింటికీ కలిపి ఒక్కసారే చెప్పు” అని జేబులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టారు. “రాయికీ రాయికీ మధ్య కొలువు. గట్టిగా చదువు.”

వంగి కొలవడం మొదలుపెట్టాను. మొదటి రాయికీ రెండో రాయికీ మధ్య పదమూడు అంగుళాలు. గట్టిగానే చదివాను. తర్వాతది పదమూడుకు పావు తక్కువ. ఆ తర్వాత పదమూడు. మళ్ళీ పదమూడు. ఐదో కొలత దగ్గర నా గొంతు తగ్గింది. “వినపడలేదు” అన్నారు మేస్త్రిగారు. మళ్ళీ చదివాను. పదమూడు. పద్నాలుగు రాళ్ళ మధ్యా నా లారీ చక్రాల దూరమే పడుకుని ఉంది. నా కన్ను పెట్టిందో, నా చెయ్యి పెట్టిందో, నా లారీయే దగ్గరుండి పెట్టించుకుందో నాకు తెలియలేదు. నేను మాత్రం పెట్టలేదు. ఆ క్షణంలో కూడా నాకు అలాగే అనిపించింది, ఎవరో నన్ను మోసం చేశారని ఒళ్ళు మండింది. ఎవరని చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

“నేను కావాలని పెట్టలేదు మేస్త్రిగారూ” అన్నాను.

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. నాలుక కొరుక్కున్నా లాభం లేదు. ఎవరూ నవ్వలేదు. ప్రభుదాసు నవ్వినా బాగుండేది, నేనన్న మాటలన్నీ తిరిగి నా మొహాన కొట్టినా బాగుండేది. వాడు నెమ్మదిగా, “తెలుసన్నా. నేనూ మా జీపునే ఎక్కించి చూసుకున్నాను” అన్నాడు.

నా జీవితంలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఈసారి అది పోవడానికి నా ఒంట్లో తప్ప చోటు లేదు. దొంగ అన్నవాణ్ణి నేను. వాడు తల వంచుకుంటే నటన అన్నవాణ్ణి నేను. వాడు ఓ పూట చేసిన పొరపాటునే నేనూ చేశాను. చేసి, న్యాయమని పేరు కూడా పెట్టుకున్నాను. “దారి పేర్చినవాడి బండి ఆ దారిలో పడదు. అందుకే ఒకరి దారిలో ఒకరివి, రెండూ పడ్డాయి” అని కారణం చెప్పాను. మేస్త్రిగారు తల ఊపారు. అప్పుడు నేనే వంగి ప్రభుదాసు జీపును లేపి, ఇసుక దులిపి వాడికిచ్చాను. వాడు దాని వెనకున్న పలకను అక్కడికక్కడే విప్పి మేస్త్రిగారి బల్ల మీద పెట్టాడు. నా పలకను కూడా దాని పక్కన పెట్టాను. రోజూ డబ్బా తీసి నేను చూసుకుంటున్న అక్షరాలు అవి. నేను రాసిన వాటన్నిటిలోకీ బాగా కుదిరిన అక్షరాలు. అక్కడ పెట్టి చెయ్యి వెనక్కు తీసుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

అయినా నా నోరు ఊరుకోలేదు. “మరి ఈ దారి ఎవరు వెయ్యాలి మేస్త్రిగారూ? మా ఆరుగురిలో ఎవరు వేసినా ఇంతే కదా! ఇన్నాళ్ళూ మాకు పరీక్షలని పెట్టి ఏం చేయించినట్టు? ఇక మీదట మీరే వెయ్యండి” అన్నాను.

“నాకూ బండి ఉందిగా” అన్నారాయన.

ఆయన రెండు పలకలూ సొరుగులో పెట్టి మూశారు. గోడకున్న సంచీ తీసి భుజాన వేసుకున్నారు. నడుం పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతూ, వెనక్కు తిరగకుండా అన్నారు.

“బండ్లు తీసుకురండి. కొండపల్లి అవతల ఒక వాగు ఉంది. మొన్నటి వానలకు రాళ్ళు తెచ్చి పేర్చుకుంది. దానికి బండి లేదు.”