సందెపొగకు తొలి మర్యాద

సన్నటి వాగులా పారే గెడ్డ ఒడ్డున ఒక తాటాకు పాక. అందులో గేదె పోలమ్మ, ఎద్దు సింహాద్రి, నాలుగు మేకలు, ఒక కోడిపెట్ట, ముసలి గాడిద గంగులు కాపురముండేవి. మూడు వైపులా మట్టిగోడ, పడమర మాత్రం తెరిపి. ఆ పడమర వైపునే, కేకేస్తే వినిపించే దూరంలో, నక్క బొరియ.

సందెవేళ పశువుల పాకలో నాలుగు వేపాకులు కాల్చి పొగ వెయ్యడం పాత అలవాటు. రెండేళ్ల కిందట నక్క వచ్చి, "మీకెందుకమ్మా శ్రమ? పొగ నేనేస్తాను. నా పొగకు దోమ కాదు, దోమ తాత కూడా నిలవడు" అంది. ఊరికే వస్తే నాకొకటి, మా అయ్యకొకటి అన్నట్టు అన్నీ తలలూపాయి.

తెరిపి ఎదుట తవ్విన గుంటలో నక్క కాల్చేది వేపాకు కాదు. చెత్తకుప్పల్లో ఏరుకొచ్చిన కరెంటు వైర్లు, టైరు ముక్కలు. వైరు మీద తొడుగు కాలిపోతే లోపల రాగి మిగులుతుంది. ఆ రాగి పాతసామాన్లు కొనే తోడేలుకిస్తే వారానికో కోడి దొరుకుతుంది. కంపు తెలియకుండా పైన గుప్పెడు సాంబ్రాణి చల్లేది. పొగ నల్లగా లేచి పడమటి గాలికి తిన్నగా పాకలోకి పోయేది.

గంగులు మాత్రం ఆ వేళకు బయటికొచ్చి నిలబడేవాడు. వానొచ్చినా కదిలేవాడు కాదు.

"ముసలాడికి ఎంత మొండితనమో" అంది కోడిపెట్ట.

"ముక్కుకు నచ్చనిది ఒంటికి నచ్చుతుందా? ఆ పొగలోకి నేను రాను" అన్నాడు గంగులు.

ఆ వేసవిలో సింహాద్రి చచ్చిపోయాడు. రెండేళ్లుగా తెరిపి పక్కన పడుకున్నది అతనే. పశువుల డాక్టరు కోసి చూస్తుంటే కాకి దగ్గరుండి విన్నది.

"ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డట. క్యాన్సరన్నాడు. ఇక్కడ ఏం కాలుస్తున్నారని మరీ మరీ అడిగాడు" అని పాకలో చెప్పింది.

పోలమ్మ నెమరు ఆపేసింది. ఆమెకు నెలలు నిండాయి. "నా దూడ కూడా ఈ గాలే పీల్చాలా, తాతా?" అని గంగుల్ని అడిగింది.

ఆ మాట విని నక్క పరుగున వచ్చింది. "అదేం మాట వదినా? రెండేళ్లుగా అందరూ పీలుస్తున్నారు. పోయింది ఒక్క ముసలి ఎద్దు. పొగే కారణమైతే మీరంతా పోవద్దూ?"

మేకలు, నిజమే కదా అన్నట్టు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"పీల్చిన ప్రతివాడికీ రాదు బావా. ఎవడికొస్తుందో చెప్పి రాదు, ఈ ఏడు పీలిస్తే ఏ ఏటికొస్తుందో చెప్పి రాదు" అన్నాడు గంగులు. "అందుకే నీలాంటివాడు బతికిపోతున్నాడు."

"అబ్బో, డాక్టరుగారు. అది మందు పొగయ్యా. పీలిస్తే ఒంటికి బలం."

గంగులు చెవులు కిందికి వాల్చాడు. "అయితే నాదే తప్పు. ఇంత మంచి పొగ రెండేళ్లు మాకే పెట్టి, నువ్వు గాలికి ఎగువన గట్టుమీద కూర్చున్నావు. వండినవాడికి తొలి ముద్ద పెట్టకపోతే మా పాక పరువేం కావాలి? ఈ సందెకు తొలి మర్యాద నీదే. సింహాద్రి పడుకున్న చోట కొత్త గడ్డి పరుస్తాం."

"నాకెందుకులే మామా, ఇంట్లో పనుంది" అంది నక్క.

"మందంటివి, బలమంటివి. మర్యాదంటే పారిపోతావేం బావా?" అంది పోలమ్మ.

నక్కకు పొగడ్తంటే ప్రాణం. పైగా అందరూ చూస్తున్నారు. ఒక్క ఘడియ ఊపిరి బిగబడితే సరిపోతుందనుకుంది. గుంట అంటించి, వచ్చి గడ్డిమీద దర్జాగా కూర్చుంది. మిగతావన్నీ గంగులు పక్కన బయట నిలబడ్డాయి.

పొగ వచ్చింది. నక్క మూతి బిగించింది.

"బావా, దోమలెలా ఉన్నాయి?" అన్నాడు గంగులు.

నక్క తలూపింది.

"బలం వస్తోందా?"

మళ్లీ తలూపింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"సాంబ్రాణి తక్కువైనట్టుంది. ఇంకో టైరు ముక్క వెయ్యమంటావా?"

నక్క తట్టుకోలేకపోయింది. దగ్గుతూ, తూలుతూ బయటపడి, "వద్దురా నాయనా, అది విషం. మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది, వైరు కాలిస్తే పొగ పోయే వైపు కూర్చోవద్దని" అంది.

అన్నాక గానీ తానేమన్నదో దానికి తెలియలేదు.

పోలమ్మ కొమ్ములు వంచింది. ఆ తరువాత గెడ్డకు ఈవల నక్క జాడ ఎవరూ చూడలేదు.

అందరూ కలిసి పొగ గుంట పూడ్చారు. పాక వెనక మురుగు గుంట కూడా పూడ్చారు. దోమలు పుట్టే చోటే పోయింది, ఇక వేపాకుతో కూడా పని పడలేదు.

నాలుగో రోజు పొద్దున్నే పోలమ్మ ఈనింది. తడి మూతి ఎత్తి దూడ మొదటి ఊపిరి పీల్చింది. ఆ గాలిలో గెడ్డ నీళ్ల వాసన, పచ్చిగడ్డి వాసన. మరేమీ లేదు.

"తాతా, పేరు నువ్వే పెట్టాలి" అంది పోలమ్మ.

గంగులు చెవులు నిక్కించి పాకంతా కలయజూశాడు. "నా పేరే పెట్టు. మొండిగా బతుకుతుంది."

నీతి: పొగ మంచిదన్నవాణ్ని ముందు ఆ పొగలో కూర్చోబెట్టు.