గేదె లేచి చెప్పని మాట

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. అయిదో తరగతితోనే చదువు ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నల్లకొండ కింద అడవిలో ఆ ఏడు ఎండలకి వాగులన్నీ ఎండి ఒక్క మడుగే మిగిలింది. జంతువులన్నీ సభ చేరి, అందరూ వంతులవారీగా నీళ్ళు తాగాలని చట్టం చేశాయి. ఎవరు ఏ వేళకి తాగాలో రాసే పని నక్కకి అప్పజెప్పాయి. నక్క ఇష్టమొచ్చినట్టు రాస్తుందేమోనని ఒక పద్ధతి కూడా పెట్టుకున్నాయి. అది రాసిన నియమం ఏడు రోజులు చింతచెట్టుకి వేలాడాలి. నచ్చనివాళ్ళు ఆలోపు సభలో లేచి వద్దని చెబితే, పెద్ద ఏనుగు అందరి మాటా లెక్కేస్తుంది. ఎవరూ లేవకపోతే ఒప్పుకున్నట్టే. ఉంచితే మొత్తం ఉంచాలి, కొట్టేస్తే మొత్తం కొట్టేయాలి, మధ్యలో ఒక్క మాట మార్చడానికి లేదు.

నక్క రాసింది: పంజాలున్నవాళ్ళు పొద్దున, గిట్టలున్నవాళ్ళు మధ్యాహ్నం దాటాక.

మధ్యాహ్నానికి మడుగులో మిగిలేది బురదే. గేదె అప్పుడే ఈని నెల కాలేదు. తనకి నీళ్ళు లేకపోతే దూడకి పాలుండవు. మేకతో చెప్పుకుంది, జింకలతో చెప్పుకుంది, కనబడ్డవాళ్ళందరితో చెప్పుకుంది. అందరూ అవునవునన్నారు. సభలో నువ్వు లే, నీ వెనక మేం లేస్తామని మేక మాటిచ్చింది.

ఆ సంగతి తెలిసి నక్క గేదె దగ్గరికొచ్చింది. ముందు దూడ ఎలా ఉందని అడిగింది. ఆ తర్వాత మెల్లగా అంది:

"నియమమంతా కొట్టేయిస్తే వంతులే ఉండవు వదినా. పులి మడుగు గట్టునే పడుకుంటుంది. మధ్యాహ్నం అన్నచోట పొద్దున అని రాయాలి, అంతేగా? గడువు దాటనీ, నేనే మార్చేస్తాను."

గేదెకి గొడవంటే భయం. నలుగురిలో లేవడమంటే ఇంకా భయం. నక్క మాట దానికి హాయిగా వినిపించింది.

ఏడో రోజు సభలో, ఎవరికైనా అభ్యంతరమా అని ఏనుగు మూడుసార్లు అడిగింది. మేక కొమ్ముతో గేదెని పొడిచింది. గేదె తల వంచుకుని నెమరేస్తూ కూర్చుంది. మేక కూడా లేవలేదు.

ఎనిమిదో రోజు నియమం అలాగే ఉంది. గేదె వెళ్ళి అడిగితే నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది.

"సభ ఒప్పుకున్నదాన్ని మార్చడానికి నేనెవర్ని వదినా?"

గేదె ఏనుగు దగ్గరికి పరిగెత్తింది. అంతా విని ఏనుగు అంది:

"కొట్టేసినంత మాత్రాన వంతులు పోవమ్మా. వంతులన్నది చట్టం. నక్క చేత ఇంకో నియమం రాయించేవాళ్ళం, అంతే. నువ్వు లేస్తావనే మూడుసార్లు అడిగాను."

"అందరికీ చెప్పాను కదయ్యా."

"సభకి చెప్పలేదు."

గేదె వెనక్కి తిరిగింది. ఆ ఎండల్లోనే దాని పాలు ఎండిపోయాయి. దూడ వానలదాకా ఆగలేదు. నక్క మాత్రం రోజూ పొద్దున్నే తేటనీళ్ళు తాగింది.

చెప్పాల్సిన చోట చెప్పని మాట, ఇంకెన్ని చోట్ల చెప్పినా చెప్పినట్టు కాదు.

ఈ కథ ఇక్కడిదాకా రాసిన మర్నాడు పొద్దున మా గ్రామసభ. మా వీధి కొళాయి వేళలు మారుస్తూ గోడకి కాగితం అంటించారు, అభ్యంతరాలకి అదే ఆఖరి రోజు. వెళ్ళి లేచి నిలబడ్డాను. గొంతు పెద్దగా రాలేదు గానీ, కార్యదర్శిగారు నా మాట రాసుకునేదాకా కూర్చోలేదు.