పాప ఒకటి, పేర్లు రెండు

అనగనగా ఒక చలిదేశంలో, సముద్రపొడ్డున ఒక ఊళ్ళో, పాప ఒకటి, పేర్లు రెండు. అదీ లెక్క.

పాప వాళ్ళ నాన్న ఆర్నే. అంటే డేగ అని అర్థం. ఆయనది నార్వే. అమ్మ ఫెమ్కే, ఫ్రీజియా తీరం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. ఆవిడ తల్లి ఫెన్నా అమ్మమ్మ, మనవరాల్ని చూడ్డానికి మూడు రోజులు పడవలో వచ్చింది. నాలుగో రోజు పడవ తిరిగి వెళ్ళేలోగా పేరు పెట్టాలి.

నాన్న ముందు వాళ్ళమ్మ పేరు చెప్పాడు, సిగ్రిడ్ అని. సిగ్ అంటే గెలుపు, రిడ్ అంటే అందం. సిగ్రిడ్ నాయనమ్మ మూతి ముడిచింది. వాళ్ళింట్లో పెద్దవాళ్ళు పోయాకే వాళ్ళ పేరు పిల్లలకి పెడతారట.

"ఏరా, నన్ను అప్పుడే సాగనంపుతున్నావా?" అంది.

అప్పుడు ఫెన్నా అమ్మమ్మ, మా వైపు బతికుండగానే పెడతాం, నా పేరు పెట్టండి అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. తన పేరు వద్దు, వియ్యపురాలి పేరు అసలే వద్దు.

ఆ తర్వాత నాన్న మూడో పేరు చెప్పాడు. లివ్, అంటే జీవితం. ఇద్దరూ ఒక్కటై ఆయన్ని వీధిలోకి పంపేశారు.

అమ్మమ్మ మూట కట్టుకుంది. ఇక ఈ గడప తొక్కనంది. ఫెమ్కేకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఆవిడ పాప మీది బొంత తీసి పరిచింది. సగం నాయనమ్మ నీలం పావడా, సగం అమ్మమ్మ ఎర్ర పావడా.

"పేరు కూడా ఇలాగే కుడదాం అత్తయ్యా. మీరొక ముక్క ఇవ్వండి చాలు. పూర్తి పేరు మీ దగ్గరే ఉంటుంది, మీరు మా దగ్గరే ఉంటారు."

నాయనమ్మ దగ్గర సిగ్ తీసుకుంది. అమ్మమ్మ దగ్గర ఫ్రిడ్ తీసుకుంది, అంటే శాంతి. మనం వెంకటలక్ష్మిని వెంకూ అన్నట్టు, అమ్మమ్మ వైపు ఆ మాట ఉన్న పేరుని ముద్దుగా ఫెన్నా అంటారు. రెండూ కలిపి సిగ్‌ఫ్రిడా అంది.

నాయనమ్మ బొంతలో తన నీలం ముక్కని తడిమింది. "నా ముక్కే ముందుంది, సరే."

"నాది పొడుగు," అంది అమ్మమ్మ, మూట విప్పుతూ. పడవ ఆవిడ లేకుండానే వెళ్ళింది.

ఇక పడుకో బంగారం. రేపు మీ చెల్లి బారసాల. మీ నాయనమ్మదొక పేరు, ఈ అమ్మమ్మదొక పేరు, ఇంకా తేల్లేదు.

కథ కంచికి, నువ్వు కలలోకి, తెల్లారగానే నేను మీ నాయనమ్మ దగ్గరికి, ఒక ముక్క అడగడానికి.