ముంతలో ఆరుచుక్కల పురుగు

అనగనగా నల్లరేగడి నేలల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకమ్మ అనే రైతమ్మ. ఆమెకున్నది ఒకే ఒక్క శనక్కాయ చేను.

ఆ యేడు ఊరి చేలల్లో ఆకులన్నీ జల్లెడలయ్యాయి. తెల్లవారి చూస్తే మొక్కల మొదళ్లలో నల్లపురుగులు. "దొంగ దొరికాడు!" అన్నారు జనం. ఊరి రెడ్డి దండోరా వేయించాడు. "నల్లపురుగు కనబడితే నలిపేయండహో! దాచినవాళ్ల చేను దున్నించేస్తామహో!"

నలిపారు, నలిపారు. నల్లపురుగులు అరుదైపోయాయి. ఆకులు మాత్రం తరుగుతూనే ఉన్నాయి.

ఒకనాడు సుంకమ్మ చేలో అలాంటి పురుగు ఒక్కటి బయటపడింది. చిత్రం, దాని బొరియ చుట్టూ మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఆమె దాన్ని ముంతలోకి తోసుకుని నేరుగా రెడ్డి వాకిటికి నడిచింది.

తలారి గంగన్న చెప్పు చేతబట్టి ఎదురొచ్చాడు. "దొంగను ముంతలో మోసుకొచ్చావేం అక్కా, చుట్టమా?"

"చంపేముందు ముఖమన్నా చూడు గంగన్నా. వీపున తెల్లచుక్కలు ఆరు. పెంకు అతుక్కుపోయింది, ఎగరలేదు. ఉరకడానికి పొడుగు కాళ్లు. దవడలు చూస్తే కత్తెరలు. ఇది ఆకు మేసే నోరేనా?"

"చుక్కలు పెట్టుకుంటే దొంగ పెళ్లికూతురవుతుందా?"

వాకిట చేరిన జనం గొల్లున నవ్వారు. సుంకమ్మ ముంతలో లేతాకులు వేసింది. మధ్యాహ్నం దాటినా పురుగు ముట్టలేదు.

"దొరసానికి కడుపు నిండుంది," అన్నాడు గంగన్న.

ఆకులు తీసేద్దామని ఆమె చెయ్యి పెట్టింది. పురుగు చివాలున తిరిగి ఘాటు నీళ్లు చిమ్మింది. చెయ్యి భగ్గుమంది.

"చూశావా! మోసినదాన్నే కాల్చింది," అన్నాడు రెడ్డి. "నలిపెయ్. లేదా నీ చేలోకి నాగలి దిగుతుంది."

సుంకమ్మ ముంతను గుండెకు హత్తుకుంది. "నన్ను కాల్చింది, నిజమేనయ్యా. కానీ దాని మీద మోపిన నేరం అది కాదే! చేను తిన్నదా లేదా? అది తేలాక నాగలి దించండి."

అసలు దొంగ కోసం ఆమె మండుతున్న చేత్తోనే పక్కనున్న రెడ్డి చేలో ఒక మొక్క మొదలు దగ్గర మట్టి తవ్వింది. పగలు మట్టిలో నక్కి, రాత్రి ఆకు మేసే లద్దెపురుగు బయటపడింది. నోటినిండా ఆకుపసరు! దాన్ని ముంతలో వేసింది.

కత్తెరలు కలిశాయి. లద్దెపురుగు రెండు ముక్కలు.

గంగన్న చేతిలోంచి చెప్పు జారిపోయింది. "అయితే అక్కా, మనం ఇన్నాళ్లూ చంపింది..."

"కావలివాళ్లను."

రెడ్డి గొంతు తగ్గించాడు. "ఆ పురుగును నా చేలో వదలరాదా సుంకమ్మా?"

"ముందు దండోరా మార్పించండయ్యా. బతకనిస్తే దాని పిల్లలే మీ చేలోకి వస్తాయి."

ఆ సాయంత్రమే దండోరా మారింది.

నేరం జరిగినచోట కనబడ్డవాడల్లా దొంగ కాడు. తన చెయ్యి కాలినా నిజం తేలేదాకా నిలబడేదే న్యాయం.