ఎనిమిది తొమ్మిది కాదు

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో దాని హోరుకు కోతులు చెవులు మూసుకునేవి. నేను చెప్పే ఏడాది మాత్రం ఆ వాగులో ఉన్నదంతా ఇసకే. ఇప్పపూలు రాలే రోజులు. ఎండలు ఇంకా ముదరనే లేదు, అప్పుడే చుక్క నీరు లేదు.

ఇసకలో గుంట తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటారు. ఆ ఏడు నీరు బాగా లోతుకు పోయింది. అంత లోతు తవ్వగలిగింది ఒక్క ఏనుగవ్వే. కాలితో తన్ని, తొండంతో ఇసక ఎత్తిపోసి, తొండం అందినంత వరకు తవ్వేది. ఒక చెలమ ఊరితే ఒక రోజు ఊరేది, మర్నాటికి ఇంకిపోయేది. మళ్ళీ కొత్తది తవ్వాలి. పాపం, అవ్వకు మోకాళ్ళ నొప్పులు. రోజుకు రెండు తవ్వేసరికి ఆయాసం వచ్చేది.

పోనీ తవ్విన ప్రతిచోటా నీళ్ళు పడేవా అంటే, అదీ లేదు. కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట తవ్వితే ఒకసారి నీరు, ఒకసారి రాయి. సగానికి సగం. రెండూ ఎండు గుంటలే అయిన రోజున జింకపిల్లలు నాలుకలు బయటపెట్టి నీడన పడి ఉండేవి. ఏనుగవ్వ కూలబడిందా, అడవి మొత్తానికి ఇక నీళ్ళు లేనట్టే. అందుకని ఎక్కడ తవ్వాలో చెప్పేవాళ్ళకు ఆ ఏడు మహా గిరాకీ.

గిరాకీ ఉన్నచోట బడాయి ఉండదా? ఉంటుంది. ఒక నెమలి బయలుదేరాడు. పేరు పింఛాలరావు.

"నా పింఛం వణికిన చోట నీళ్ళుంటాయి. వానదేవుడితో మాకు తాతలనాటి చుట్టరికం," అన్నాడు.

అంత అందమైనవాడు అబద్ధమెందుకు చెబుతాడు అనుకున్నాయి జంతువులు. మీరూ అలాగే అనుకునేవారు, నాకు తెలుసు. పింఛాలరావు విప్పిన పింఛంతో ఇసకలో తిరిగి ఒకచోట వణికేవాడు. అవ్వ అక్కడ తవ్వేది. నీరు పడితే మొదటి గుటక పింఛాలరావుది. పడకపోతే, "ఎవరో వెనక తుమ్మారు," అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రతి ఎండు గుంటకూ ఒక వంక. నీరు పడినవి అందరూ పదిరోజులు చెప్పుకున్నారు. పడనివి ఆ సాయంత్రానికే మరిచిపోయారు.

ఒకరోజు అడవిపంది పిల్ల ఒకతె ముందుకొచ్చింది. పేరు సింగారి. ఒంటినిండా బురద మరకలు. పేరు పెట్టిన అమ్మకు మాత్రం అందగత్తే.

"నాకు ఇసక కింద తడి వాసన తెలుస్తుంది. అవ్వ మోకాళ్ళు చూడలేకపోతున్నాను. నేను చెప్పిన చోట తవ్వించండి," అంది.

అందరూ ఒకటే నవ్వు. పింఛాలరావు అయితే పడీ పడీ నవ్వాడు. "ఏమే, బురదలో పొర్లేదానివి, నీకూ ఒక విద్యా?" అన్నాడు.

సింగారి ముఖం ముడుచుకుంది గాని, పారిపోలేదు.

నవ్వనిది ఒక్క ఉడుము మేష్టారే. ఆయన అడవి పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఉడుం పట్టు సంగతి మీకు తెలుసుగా! ఒక మాట పట్టుకుంటే వదిలే రకం కాదు.

"నవ్వడం ఎందుకు, నమ్మడం ఎందుకు? పరీక్ష పెడదాం. ఇద్దరికీ," అన్నారు మేష్టారు.

"నాకు పరీక్షా?" అన్నాడు పింఛాలరావు.

"నీకే ముందు. రోజూ పొద్దున్నే నువ్వొక చోటు చెప్పు, అమ్మాయి ఒక చోటు చెబుతుంది. అవ్వ ఎలాగూ రెండు తవ్వుతుంది. పదిరోజులు. ఎవరికి ఎన్ని పడ్డాయో రాళ్ళు పేర్చుకుందాం. తొండం అందినంతవరకే తవ్వడం. ఆ పైన లేదు."

"ఎన్ని పడితే తెలిసినట్టు, మేష్టారూ?" అని అడిగింది సింగారి.

మేష్టారి కళ్ళు మెరిశాయి. "అదీ ప్రశ్న! ముందు మీ ఇద్దరికీ ఏమీ తెలియదనే అనుకుందాం. తెలియనివాళ్ళకు కూడా గుడ్డిగా కొన్ని తగులుతాయి కదా! ఎన్ని తగులుతాయో చూద్దాం."

కోతిపిల్లల్ని పిలిచి చింతగింజలు తెప్పించారు. అష్టాచెమ్మా ఆడటానికి మనం అరగదీసుకుంటామే, అలా ఒక పక్క రాతి మీద అరగదీయించారు. ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. తెలుపు పడితే నీళ్ళు, నలుపు పడితే రాయి. పది గింజలు ఒక్కసారి వెయ్యడం, తెల్లవి లెక్కపెట్టడం. అలా వందసార్లు వేయించారు. కోతిపిల్లలకు అంతకన్నా ఏం కావాలి! మధ్యాహ్నమంతా ఒకటే గోల.

నాలుగు, ఐదు, ఆరు చాలాసార్లు పడ్డాయి. ఏడు కొన్నిసార్లు పడింది. ఎనిమిది నాలుగుసార్లు. తొమ్మిది వందలో ఒక్కసారే. పది అసలు పడనేలేదు.

"చూశారా! చింతగింజకు వాగు సంగతి ఏం తెలుసు? ఏమీ తెలియదు. దానికే ఎనిమిది నాలుగుసార్లు పడగా చూశాం. తొమ్మిది మాత్రం బహు అరుదు. కనుక తొమ్మిది పడితేనే ఇది కాకతాళీయం కాదని నమ్ముదాం," అని మేష్టారు బండ మీద గోటితో గీత గీశారు. గీత కింద ఎనిమిది రాళ్ళు పట్టే చోటు, గీత దాటి తొమ్మిదోది. "ఒప్పుకుంటారా? ఇప్పుడే చెప్పండి. తవ్వాక బేరాల్లేవు."

అందరూ ఒప్పుకున్నారు. పింఛాలరావు కూడా తోక ఊపాడు.

పదిరోజులు తవ్వారు. పింఛాలరావుకు ఆరు పడ్డాయి.

"ఐదు కన్నా ఆరు ఎక్కువే కదా!" అన్నాడు.

"చింతగింజలకు ఎన్నోసార్లు ఆరు పడింది నాయనా. మరి వాటికీ మొదటి గుటక పోద్దామా?" అన్నారు మేష్టారు. కోతిపిల్లలు కిచకిచా నవ్వాయి. పింఛాలరావు పింఛం ముడుచుకున్నాడు.

సింగారికి ఎనిమిది పడ్డాయి.

ఎనిమిది! నవ్విన జంతువులే ఇప్పుడు నోళ్ళు వెళ్ళబెట్టాయి. "ఇంకేం కావాలి? పిల్లకు విద్య ఉంది! ఆ గీత కాస్త కిందికి జరపండి మేష్టారూ, ఒక్క రాయి తేడా!" అని అరిచాయి. పింఛాలరావు కూడా అవును జరపండి అన్నాడు. ఎందుకనుకున్నారు? ఎనిమిదికి జరిగిన గీత రేపు ఆరుకు జరగదా అని ఆశ!

ఏనుగవ్వ ఇసకలో కూర్చుని ఉంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. "ఉడుమూ, నాకు ఓపిక లేదురా. పిల్లను నమ్మేద్దాం. నాకు ఎండు గుంటలు తప్పుతాయి," అంది.

మేష్టారు సింగారి వైపు చూశారు. "అమ్మాయీ, నీకు తెలియదని నేను అనను. తెలుసని చెప్పడానికి ఇది చాలదు అంటాను. ఈ రెండూ వేరువేరు మాటలు. నువ్వేమంటావు?"

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అడవంతా చప్పట్లు కొడుతోంది. ఒప్పుకుంటే చాలు, రేపటి నుంచి మొదటి గుటక తనదే. బురదపిల్ల అని ఇంకెవ్వరూ అనరు. పైగా అవ్వ బతిమాలుతోంది. మీరైతే ఏం చేసేవారు?

సింగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా బండ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"తొమ్మిది అనుకున్నాం. ఎనిమిది తొమ్మిది కాదు," అంది.

"చింతగింజలకు నాలుగుసార్లు ఎనిమిది పడింది. నాకు పడింది కూడా అలాంటిదేనేమో, నాకేం తెలుసు? నన్ను నమ్మి అవ్వ ఎండాకాలమంతా తవ్వాలి. నా ముక్కు వట్టిదైతే అవ్వ ప్రాణానికే మోసం. నాకు ఏడు రోజులు గడువివ్వండి. తప్పిన రెండూ ఎందుకు తప్పాయో చూసుకుని వస్తాను. మళ్ళీ మొదటి నుంచి పరీక్ష పెట్టండి. ఈ ఎనిమిదీ అందులో కలపొద్దు."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పంది పిల్లే! దాని ముందు మనమెంత?

సింగారి తప్పిన రెండు గుంటల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వాసన చూసింది. తిరిగింది. మళ్ళీ వచ్చి వాసన చూసింది. మూడోరోజుకు తెలిసింది. రెండు గుంటలూ ఇప్పచెట్ల దరినే ఉన్నాయి. రాలిన ఇప్పపూల వాసన మత్తుగా ఇసకంతా కమ్మేసి ఉంది. ఆ వాసనలో తడి ఎక్కడ తెలుస్తుంది! మిగిలిన రోజులు వాగు పొడవునా తన మూతితో చిన్న చిన్న గుంటలు తవ్వుకుంటూ సాధన చేసింది. ఇప్పచెట్టు కనిపిస్తే దూరంగా నడిచేది. ఎండ ఎక్కకముందే, చల్లగా ఉండగానే వాసన పట్టేది. మూతి దోక్కుపోయి నెత్తురు చిమ్మింది. అయినా మానలేదు.

ఎనిమిదో రోజు వచ్చి, "మేష్టారూ, నేను సిద్ధం. రెండోసారి అడుగుతున్నాను కనుక గీత ఇంకా పైన గీయండి. ఎన్నిసార్లైనా వెయ్యొచ్చంటే చింతగింజలు కూడా ఎప్పుడో ఒకప్పుడు నెగ్గుతాయి," అంది.

"నలభై ఏళ్ళుగా చెబుతున్నాను ఈ లెక్క. నాకన్నా ముందు ఆలోచించిన శిష్యురాలివి నువ్వొక్కతెవే," అన్నారు మేష్టారు.

ఈసారి రోజుకు రెండు చొప్పున పన్నెండు చెలమలు. పదకొండు పడాలి. కోతిపిల్లలు పన్నెండు గింజలు వందసార్లు వేశాయి. పదకొండు ఒక్కసారీ పడలేదు.

"అవ్వా, నీకు కష్టం," అంది సింగారి.

ఏనుగవ్వ ముక్కుతూ మూలుగుతూ లేచింది. "చేతికొచ్చిన ఎనిమిదిని వద్దన్న పిల్లవి. నీకోసం పన్నెండేమిటే, నూటపన్నెండు తవ్వుతాను. పద!"

మొదటి ఆరు చెలమలూ నీళ్ళే. ఏడోది ఎండు గుంట. ఇంక ఒక్కటి తప్పినా అంతే. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు! అడవంతా వాగు గట్టున నిలబడింది.

పన్నెండోది సింగారి చాలాసేపు వెతికింది. చివరికి ఒకచోట కాలితో గీరి, "ఇక్కడ," అంది. అవ్వ తవ్వింది. పొడి ఇసక. ఇంకా తవ్వింది. పొడి ఇసకే. సగం తొండం లోపలికి పోయింది. "అయిపోయింది, అయిపోయింది!" అని క్రేంకారం చేశాడు పింఛాలరావు. సింగారి కళ్ళు మూసుకోలేదు. గుంటలోకే చూస్తూ నిలబడింది.

అవ్వ ముందుకు వంగి, తొండం అందినంత వరకూ చాచి చివరి పిడికెడు ఇసక పైకి తీసింది. అది నల్లగా ఉంది. ముద్దగా ఉంది. కింద గుంటలో సన్నగా నీరు ఊరడం మొదలైంది.

కోతిపిల్లలు చేసిన గోలకు కొండలు మారుమోగాయి. మేష్టారు నింపాదిగా బండ ఎక్కి, కొత్త గీత దగ్గర పదకొండో రాయి పెట్టారు. "ఇప్పుడు నమ్ముతున్నాను," అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవ్వరూ వినలేదు.

ఏనుగవ్వ మొదటి గుటక సింగారికి అందించింది. సింగారి తల అడ్డంగా ఊపి, "తవ్వినవాళ్ళు ముందు," అంది. అవ్వ తాగింది, సింగారి తాగింది, తరవాత జింకపిల్లలు. చివర్లో పింఛాలరావు తల వంచుకుని వచ్చాడు. సింగారి పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ ఎండాకాలం అవ్వ రోజుకు ఒకే ఒక్క చెలమ తవ్వింది. ఒక్కటే చాలింది. ఎప్పుడైనా ఒకటీ అరా తప్పినా ఎవరూ సింగారిని మాటనలేదు. ఆమెను లెక్క చూసి నమ్మారు గనుక.

కొన్నేళ్ళకు సింగారికి చారల పిల్లలు పుట్టాయి. ఆమె వాటిని బండ దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక గీత దగ్గర పదకొండు రాళ్ళు, పాత గీత కింద ఎనిమిది రాళ్ళు, అలాగే ఉన్నాయి. ఆ ఎనిమిదిని ఆమె ఎవ్వరినీ తియ్యనివ్వలేదు. పిల్లలకు ముందు వాటినే చూపించింది.

"అమ్మా, నెగ్గినవి అవి కదా! నువ్వు ఓడినవి ముందు చూపిస్తావేం?" అని అడిగింది చిన్నది.

సింగారి ఆ ఎనిమిది రాళ్ళ మీద పడిన ఆకులు మూతితో మెల్లగా తుడిచింది.

"ఇవి ఇక్కడ ఇలా ఉన్నాయి గనకే, వాటిని అందరూ నమ్మారమ్మా," అంది.

నీతి: గీత ముందే గీసుకోవాలి, ఫలితం చూశాక జరపకూడదు, తన విద్య మీద నిజమైన గౌరవం ఉన్నవాళ్ళు దగ్గరి దారి వదిలి మళ్ళీ పరీక్షకు నిలబడతారు.