అలుగు చిప్పమ్మ, అరవై నాలుగు గళ్ళు

అనగనగా ఒక మడుగు. ఆ మడుగుకి ఇవతల ఒక అడవి, అవతల ఒక అడవి. ఇవతలి అడవికి రాజు జూలయ్య అనే సింహం. అవతలి అడవికి రాజు చారలయ్య అనే పులి.

వానాకాలమంతా ఇద్దరూ బాగానే ఉండేవాళ్ళు. ఎండలు ముదిరి మడుగు సగానికి ఎండిందంటే చాలు, ఇద్దరికీ పడేది కాదు. "నీళ్ళు మావి" అంటే "మావి" అని రెండు అడవులూ కొట్టుకునేవి. గెలిచినవాళ్ళు వేసవంతా మడుగు నీళ్ళు తాగేవాళ్ళు. ఓడినవాళ్ళు మూడు రోజులు నడిచి ఏటికి పోవాలి. ఆ ఎండలో పెద్దవాళ్ళు ఎలాగో నడిచేవాళ్ళు. పసివాళ్ళు సగం మంది ఏటి మొహం చూసేవాళ్ళే కాదు.

ఇంకో విచిత్రం చెప్పనా? యుద్ధం జరిగినంతసేపూ రాజులిద్దరూ చెరో గట్టు మీద కూర్చుని గర్జించేవాళ్ళు. ముందు వరసలో నడిచి నలిగిపోయేది మాత్రం చిన్న జంతువులు.

ఇవతలి అడవిలో చిప్పమ్మ అనే అలుగు ఉండేది. అలుగు ఎలా ఉంటుందో తెలుసా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. చీమలు తిని బతుకుతుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. చిప్పమ్మకి భయం ఒక పాలు, సిగ్గు మూడు పాలు. ఎవరైనా "బాగున్నావా?" అని పలకరించినా చుట్టుకుపోయేది. పోయిన వేసవి యుద్ధంలో ఆమె మొగుడు అవతలి ఏనుగు దంతయ్య కాలి కింద పడి చనిపోయాడు. ఇప్పుడు ఆమెకి మిగిలింది చిన్ని ఒక్కతే. చిన్ని ఇంకా నడవలేదు. అమ్మ తోక మీద బోర్లా పడుకుని, పొలుసులు పట్టుకుని ఊరేగేది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. మడుగు అంచున బురద ఎండి పలకలు పలకలుగా నెర్రెలు విచ్చింది. చిప్పమ్మ ఆ పలకల మీద చింతపిక్కలు పెట్టి చిన్నికి పాఠం చెబుతోంది.

"ఇదిగో, ఈ పెద్ద పిక్క ఏనుగు. ఏనుగు ఎలా వస్తుంది?"

"తిన్నగా!" అంది చిన్ని.

"అంతే. ముందుకైనా, పక్కకైనా తిన్నగానే. చటుక్కున వాలుగా తిరగలేదు. అందుకని నువ్వు ఏ మూలకి జరగాలి?"

"ఏటవాలుగా!"

"నా తల్లే! మరి ఒంటె?"

"ఒంటె ఏటవాలుగానే వస్తుంది. నేను తిన్నగా పోవాలి."

"గుర్రం?"

చిన్ని ఆలోచించింది. "రెండు పలకలు దూకి, ఒక పలక పక్కకి తిరుగుతుంది. మధ్యలో ఎవరున్నా వాళ్ళ మీద నుంచి దూకేస్తుంది."

"మరి రాజు?"

"దొర ఒళ్ళు బరువు. ఎటైనా ఒక్క అడుగేసి ఆయాసపడతాడు."

"ఉష్! గట్టిగా అనకు," అని నవ్వింది చిప్పమ్మ.

పైన కొమ్మ మీద నుంచి ఎవరో కిచకిచా నవ్వారు. చూస్తే సింహం మంత్రి, ముసలి కొండముచ్చు. చిప్పమ్మ చిన్నిని పొట్టలో దాచుకుని చటుక్కున బంతిలా చుట్టుకుపోయింది.

"ఏమే చిప్పమ్మా, యుద్ధమంతా చింతపిక్కల్లో పెట్టేశావే! మంత్రి నడక చెప్పలేదేం?"

బంతి లోపలి నుంచి సన్నగా మాట వచ్చింది. "మీరు ఎటైనా, ఎంత దూరమైనా పోతారు కదా తాతా. మీ నుంచి తప్పించుకోవడం చిన్నికి ఇంకా నేర్పలేదు."

కొండముచ్చుకి నవ్వు ఆగిపోయింది. ఒక తల్లి తన పిల్ల బతకడానికి ఈ లెక్కలన్నీ కట్టుకుందని అతనికి అప్పుడు తెలిసింది. అతను ఇంకేం ఆలోచించలేదు. చుట్టుకుపోయిన చిప్పమ్మను బంతిలా దొర్లించుకుంటూ మడుగు గట్టుకి తీసుకుపోయాడు. అక్కడ రాజులిద్దరూ యుద్ధానికి రోజు ఖాయం చేస్తున్నారు.

"దొరలూ, ఈ బంతి ఒక మాట చెబుతుంది, వినండి," అన్నాడు.

చిప్పమ్మ తల బయటికి పెట్టలేదు. లోపలి నుంచే మాట్లాడింది. "దొరా... ఈసారి కొట్టుకోవద్దు. ఆడుకుందాం. గెలిచినవాళ్ళదే మడుగు. ఎండిన బురదలో పక్కకి ఎనిమిది, పొడుగుకి ఎనిమిది గళ్ళు గీస్తాను. మొత్తం అరవై నాలుగు. ఎవరి గడిలో వాళ్ళు నిలబడదాం. వీళ్ళొకసారి, వాళ్ళొకసారి కదలాలి. ఎవరి నడక వాళ్ళదే. ఎదుటివాడి గడిలోకి మనం వెళ్ళగలిగితే వాడు ఓడినట్టు. వాడు గట్టెక్కి కూర్చుంటాడు. కరవడం లేదు, తొక్కడం లేదు."

రాజులు మొహమొహాలు చూసుకున్నారు.

"మమ్మల్ని కూడా గట్టెక్కిస్తారా? రాజులం!" అంది పులి.

"లేదు దొరా. రాజుని ఎవరూ కొట్టరు. తప్పించుకోవడానికి చోటు లేకుండా చేస్తే చాలు, ఆట కట్టు."

"చాటుగా వస్తే ఒప్పుకోను," అంది సింహం.

"రాజు మీదికి వచ్చిన వాళ్ళు 'రాజా, చూసుకో!' అని చెప్పి తీరాలి."

"మరి నేను ఎన్ని అడుగులు వెయ్యాలి?"

చిప్పమ్మ నీళ్ళు నమిలింది. "దొర నడక హుందాగా ఉండాలి కదా. ఎటైనా... ఒక్క అడుగు."

పొట్టలో చిన్ని కిసుక్కున నవ్వింది. సింహం మాత్రం జూలు విదిలించి, "హుందాగా, అవును," అని తల ఊపింది.

"ముందు వరసలో మీరు ఎనిమిది మంది. మీ సంగతేమిటి?" అని అడిగాడు కొండముచ్చు.

"మేం బంట్లం. మొదటిసారి కావాలంటే రెండడుగులు. ఆపైన ఒక్కొక్క అడుగే. ఎదురుగా ఉన్నవాణ్ణి మేమేం చేయగలం? ఏటవాలుగా ఉన్నవాడి కాలు పట్టుకోగలం. వెనక్కి మాత్రం తిరగం." అని చెప్పి, మెల్లగా అడిగింది. "తాతా, అవతలి గట్టుదాకా పోతే మాకేమిటి?"

"పోతేనా? నా అంత మంత్రివి అయిపో!" అని పకపకా నవ్వాడు కొండముచ్చు.

సింహం నవ్వింది. పులి పొట్ట పట్టుకుని నవ్వింది. "సరే, సరే. ఒప్పుకున్నాం. ఇంతవరకు ఏ బంటు అవతలి గట్టు చూసింది గనక!"

అలా నియమాలు కుదిరాయి. చిప్పమ్మ గోళ్ళతో గళ్ళు గీసింది. ఒక గడి వదిలి ఒక గడిలో బూడిద చల్లింది. మూలల్లో ఏనుగులు, పక్కన గుర్రాలు, వాటి పక్కన ఒంటెలు, నడుమ రాజూ మంత్రీ. ముందు కుందేళ్ళు, ముంగిసలు, ముళ్ళపందులు. చిప్పమ్మ కూడా చిన్నిని తోక మీద ఎక్కించుకుని ఒక బంటుగా నిలబడింది. అవతల కూడా అలాగే.

పొద్దు ఎక్కుతుండగా ఆట మొదలైంది. చిప్పమ్మ మొదట ఒక్క అడుగు వేసింది. ఆట బాగానే సాగుతోంది. ఇంతలో పులి వైపు గుర్రం ఎగిరి దూకి వచ్చి నిలబడింది.

"రాజా, చూసుకో!"

ఆ గుర్రం ఒకే దూకుడుతో సింహం మీదికీ కొండముచ్చు మీదికీ వచ్చింది. సింహం ఒక అడుగు తప్పుకుంటే మంత్రి పోతాడు. సింహానికీ కొండముచ్చుకీ మధ్య రెండు గళ్ళ ఎడం ఉంది, ఒక్క అడుగుతో అతని పక్కకి చేరడం కుదరదు. పక్కన కాపు కాసేవాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడే సుడిగాలి లేచింది. బూడిద కళ్ళల్లో పడి అందరూ కళ్ళు మూసుకున్నారు. చిప్పమ్మ చిన్నిని పొదువుకుని చుట్టుకుపోయింది. ఆమె మీద నుంచి ఏదో బరువుగా దూకింది. జూలు ఆమె పొలుసులకి రాసుకుంది.

గాలి తగ్గింది. చూస్తే సింహం కొండముచ్చు పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు గుర్రం మంత్రిని కొడితే సింహం గుర్రాన్ని కొడుతుంది.

"ఇది ఒక్క అడుగేనా?" అని పులి అనుమానంగా చూసింది. "నువ్వు ఇందాక ఎక్కడున్నావు?"

"ఈ పక్క గడిలోనే ఉన్నాను. ఒక్క అడుగే వేశాను," అంది సింహం దర్జాగా.

"అవును, ఒక్క అడుగే!" అని ఇవతలి వాళ్ళంతా అరిచారు. నిజానికి ఎవరూ చూడలేదు. ఆట కొత్త. గళ్ళు అరవై నాలుగు. ఎవరు ఏ గడిలో ఉన్నారో ఎవరికి గుర్తు?

చిప్పమ్మ ఒక్కదానికే తెలుసు. దొర దూకింది ఆమె మీద నుంచే.

ఊరుకుంటే మంత్రి మిగులుతాడు. మంత్రి మిగిలితే గెలుపు మనదే. గెలిస్తే చిన్నికి నీళ్ళు. చెబితే మూడు రోజుల ఎండ, ఏటి దారి, తోక మీద చిన్ని.

ఊరుకుందామనే అనుకుంది. కానీ నియమం పెట్టింది తనే. రాజుకి ఒక అడుగు కాస్తా రెండైతే, రేపు పులికి మూడవుతుంది. ఎల్లుండి ఏనుగు కాలు మళ్ళీ బంటు మీదే పడుతుంది. అప్పుడు చిన్నిని ఏ గడిలో దాచాలి?

చిప్పమ్మ బంతిలోంచి మెల్లగా తల బయటికి పెట్టింది.

"దొరా... రెండడుగులు. నా మీద నుంచే దూకారు. మీ జూలు నాకు తగిలింది."

అడవి అంతా బిత్తరపోయింది.

"చిప్పమ్మా!" అని గర్జించింది సింహం. "నువ్వు ఎవరి వైపు?"

అయినా చిప్పమ్మ తల మాత్రం లోపలికి పెట్టుకోలేదు. "మీ వైపే దొరా. అందుకే చెప్పాను. రాజుకి ఒక్క అడుగే."

అందరూ చూస్తున్నారు. సింహానికి ఇంక దారి లేదు. తలదించుకుని వెనక్కి పోయి, ఒక్క అడుగు పక్కకి తప్పుకుంది. గుర్రం దూకి కొండముచ్చు గడిలో నిలబడింది.

"నా మంత్రి పదవి ఊడిందే, చిప్పమ్మా!" అని గొణుక్కుంటూ కొండముచ్చు గట్టెక్కాడు.

పక్క గడిలో ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడుచుకుంది. "నీ పిల్లని నువ్వే ఏటి దారి పట్టించావు కదా. బాగుందా ఇప్పుడు?"

చిప్పమ్మ ముందుకి ఒక అడుగు వేసింది.

ఆట సాగింది. ఇవతలి వాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కుతున్నారు. అవతలి వాళ్ళూ కొందరు ఎక్కారు. చిప్పమ్మకి వంతు వచ్చినప్పుడల్లా ఒక అడుగు. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ అలుగు ముందుకొస్తోంది దొరా," అన్నాడు అవతలి ఏనుగు దంతయ్య.

"రానీ. చీమలు తినేదాన్ని చూసి భయపడతానా?" అంది పులి. "నువ్వు పోయి సింహం పని పట్టు."

పులి తన గట్టున చివరి వరసలో హాయిగా కూర్చుంది. ఎవరూ తన మీదికి రాకుండా ముందు ముగ్గురు బంట్లను గోడలా నిలబెట్టుకుంది. దంతయ్య తిన్నగా పోయి ఇవతలి గట్టు మూల గడిలో నిలబడ్డాడు.

"రాజా, చూసుకో!"

సింహం ఒక్క అడుగు తప్పుకుంది. సరిగ్గా ఒక్కటే. మరొక్క ఎత్తు వేస్తే సింహం ఆట కట్టే. పులి ఆ సంబరంలో గెలుపు చేతికొచ్చిందని మీసం దువ్వుకుంటూ ఇంకో బంటుని ఊరికే ఒక అడుగు జరిపింది.

చిప్పమ్మ ఎదురుగా ఒక్క గడి మిగిలింది. ఖాళీ గడి.

"అమ్మా, అది చివరి గడేనా?" అంది తోక మీద చిన్ని.

"గట్టిగా పట్టుకో," అంది చిప్పమ్మ.

అడుగు వేసింది. అవతలి గట్టు మట్టి ఆమె కాలికి తగిలింది. అప్పుడు, పిల్లలూ, ఎన్నడూ నలుగురిలో తల ఎత్తని చిప్పమ్మ వెనక కాళ్ళ మీద నిటారుగా లేచి నిలబడింది.

"నేనిప్పుడు మంత్రిని! రాజా, చూసుకో!"

పులి ఉలిక్కిపడింది. అదే వరసలో చిప్పమ్మకీ తనకీ మధ్య అడ్డం ఎవరూ లేరు. పక్కకి జరిగినా అదే వరస. ముందుకి పోదామంటే తను నిలబెట్టుకున్న ముగ్గురు బంట్లే గోడ. ఆ గోడ తనకే అడ్డం పడింది. అడ్డుకుందామంటే దంతయ్య ఎక్కడో మూల ఉన్నాడు, మిగతావాళ్ళెవరికీ అక్కడికి దారి లేదు.

"ఆట కట్టు!" అని గట్టు మీద నుంచి కొండముచ్చు గంతేశాడు.

"చెల్లదు!" అని పులి గర్జించింది. "అలుగు మంత్రి ఏమిటి? అది నవ్వులాటకి అన్న మాట! లేవండి, యుద్ధమే చేద్దాం. దంతయ్యా, తొక్కెయ్ దాన్ని!"

చిప్పమ్మ చుట్టుకుపోలేదు. అలాగే నిలబడింది.

దంతయ్య కదల్లేదు. తొండం దించి మెల్లగా అన్నాడు. "పోయినేడు నా కాలి కింద దీని మొగుడు పోయాడు దొరా. ఇవాళ మన వైపు ఎంతమంది గట్టెక్కారో చూడండి. ఒక్కరికీ ఒంటి మీద గీత పడలేదు. ఈమె తన రాజే నియమం తప్పినా తప్పు తప్పే అని చెప్పింది. అలాంటి దాని మాట నేను కాదనను. మనం ఓడిపోయాం."

"ఓడిపోయాం!" అన్నాయి అవతలి గుర్రాలు. "ఓడిపోయాం!" అన్నాయి ఒంటెలు. పులి ముందు నిలబడ్డ ముగ్గురు బంట్లు కూడా తల తిప్పి చూసి, "అవును దొరా, ఓడిపోయాం," అన్నారు. వాళ్ళ గొంతులో దిగులు లేదు. ప్రాణాలతో ఉన్నాం కదా అన్న సంతోషం ఉంది.

పులి చుట్టూ చూసింది. తన మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు. మెల్లగా తల వంచింది.

ఇవతలి అడవి ఈలలు వేసింది. ముళ్ళపంది వచ్చి, "నన్ను క్షమించు అక్కా," అంది. సింహం సిగ్గుపడుతూ దగ్గరికి వచ్చింది. "చిప్పమ్మా, ఇందాక నా అబద్ధం నువ్వు దాచి ఉంటే, ఇప్పుడు నీ గెలుపుని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మంత్రివి నువ్వు. మడుగు ఏం చేద్దామో చెప్పు."

చిప్పమ్మ ఈసారి బంతిలా చుట్టుకుపోలేదు. అందరి మొహాలూ చూస్తూ చెప్పింది. "పొద్దున మనం తాగుదాం. సాయంత్రం వాళ్ళు తాగుతారు. ఏటి దారి ఇంక ఏ పసిబిడ్డకీ వద్దు."

ఆ మాటకి రెండు గట్లూ ఒక్కసారిగా హోరెత్తాయి. చిప్పమ్మ మడుగులోకి దిగింది. చిన్ని తోక మీద నుంచి వంగి, కడుపు నిండా నీళ్ళు తాగింది.

ఆ తర్వాత ఆ అడవుల్లో యుద్ధం జరగలేదు. ఎండలు వస్తే చాలు, గళ్ళు గీసి ఆట మొదలుపెట్టేవాళ్ళు. మీరు ఎప్పుడైనా చదరంగం ఆడితే చూడండి. రాజుకి ఇప్పటికీ ఒక్క అడుగే. బంటు ఇప్పటికీ వెనక్కి తిరగదు. చివరి గడి చేరిన బంటు ఇప్పటికీ మంత్రి అవుతుంది.

నీతి: నియమం రాజుకైనా బంటుకైనా ఒక్కటే. తనకి నష్టమని తెలిసినా దాన్ని తప్పనివాళ్ళ గెలుపుని ఎదుటివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.